కాందిశీకుల బడి

‘కాందిశీకుడు’ అనే మాట పత్రికలు చదివే తెలుగువారికి కొత్తది కాదు. 1947 నాటి దేశవిభజన వార్తలలోనూ, 1971 నాటి తూర్పు బెంగాలు వార్తలలోనూ అది తరచుగా కనిపించిన మాటే. అయితే దాని పుట్టుక ఎక్కువమందికి తెలియదు. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కునకు?’ అని అర్థం. భయంతో పరుగెత్తుతూ, ఎటు పోవాలో తోచక తనను తానే ప్రశ్నించుకొనేవాడు కాందిశీకుడు. మనిషి దుఃస్థితికి అతని నోటి ప్రశ్ననే పేరుగా పెట్టిన మాట ఇది.

ప్రభుత్వాలు గుడారం వేస్తాయి, గంజి పోస్తాయి, కంబళి కప్పుతాయి. ఈ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్నకు అవి సమాధానాలు. రేపు ఎటు పోవాలన్న ప్రశ్నకు మాత్రం అవి చాలవు. ఆ రెండవ ప్రశ్నకు దారి చూపవలసింది చదువు. కాని ఏ చదువు? ఎవరి భాషలో? పిల్లలకు మాత్రమేనా, పెద్దలకు కూడానా? ఆశ్రయమిచ్చిన దేశంలో కలిసిపోవడానికా, విడిచివచ్చిన దేశాన్ని మరువకుండా ఉండడానికా? ఈ ప్రశ్నలన్నిటినీ ఒక్కసారిగా ఎదుర్కొని, ఆరు దశాబ్దాలకు పైగా సమాధానాలు వెదుకుతూ వచ్చిన ఒక జాతి మన దేశంలోనే ఉంది. వారు టిబెటన్లు.

1959 మార్చి 17 రాత్రి దలైలామా లాసా నగరాన్ని విడిచారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడేళ్ళు. మార్చి 31వ తేదీన ఆయన భారత భూభాగంలో అడుగుపెట్టారు. ఆయన వెనుక మంచు కనుమలు దాటి వచ్చినవారి సంఖ్య కొద్దికాలంలోనే సుమారు 80,000కు చేరింది. అస్సాంలోని మిస్సమారిలో వారికోసం వెదురు పాకలు వేశారు. ఎత్తైన పీఠభూమి చలిగాలికి అలవాటుపడిన దేహాలు మైదానపు ఉక్కను తట్టుకోలేకపోయాయి. క్షయ, విరేచనాలు, జ్వరాలు వారిని పీడించాయి. చల్లని ప్రదేశాలకు పంపడం, పని కల్పించడం అనే రెండు అవసరాలూ తీరేలా వేలాదిమందిని హిమాలయ ప్రాంతాలలో రోడ్లు వేసే పనులకు పంపారు. తల్లీ తండ్రీ రాళ్ళు కొడుతూంటే పిల్లలు రోడ్డు వారనే పెరిగారు. ఆ శిబిరాలకు రోడ్డుతోపాటు ముందుకు జరగడమే తప్ప ఒకచోట నిలవడం లేదు. నిలువని ఊరిలో బడి ఎలా నిలుస్తుంది?

ఆ స్థితిలో టిబెటన్ నాయకులు ఎంచుకొన్న మార్గం గమనించదగినది. 1960 మార్చి 3న ముస్సోరీలో వారి మొదటి పాఠశాల ప్రారంభమయింది. అందులో చేరినవారు పలకా బలపం పట్టుకొన్న పసివారు కారు, యువకులు. వేలాది పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు చెప్పగలవారు కావాలి. కనుక పెద్దవారిని ముందుగా బడిలో కూర్చోబెట్టారు. జిగ్మే తారింగ్ ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. నిన్నటిదాకా ఒక దేశానికి పెద్దలనిపించుకొన్న కుటుంబాలవారు నేడు అద్దె భవనంలో అక్షరాలు దిద్దించడానికి పూనుకొన్నారు.

పసివారి కథ మరింత దయనీయంగా మొదలయింది. అదే సంవత్సరం మే 17న జమ్మూ ప్రాంతపు రోడ్డు శిబిరాల నుండి 51 మంది పిల్లలు ధర్మశాలకు చేరారు. వారు రోగాలతో, అర్ధాకలితో చిక్కి శల్యమై ఉన్నారు. దలైలామా అక్కగారు సెరింగ్ డోల్మా వారి పోషణభారం వహించారు. 1964లో ఆమె మరణించగా చెల్లెలు జెత్సున్ పెమా ఆ బాధ్యత స్వీకరించి 2006 వరకు నిర్వహించారు. శిశుసంరక్షణ కేంద్రంగా మొదలైన ఆ సంస్థ ‘టిబెటన్ బాలల గ్రామం’గా ఎదిగింది. అక్కడ వసతిగృహాలు పెద్ద పెద్ద శాలలుగా ఉండవు. కొందరు పిల్లలకు ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక తల్లి. ఆమెను పిల్లలు ‘ఆమాలా’ అని పిలుస్తారు. వయసులో పెద్ద పిల్లలు చిన్నవారికి స్నానం చేయిస్తారు, తల దువ్వుతారు. అక్షరానికి ముందు ఇల్లు కావాలని ఆ సంస్థ గ్రహించింది.

ఇంతలో ఢిల్లీలో ఒక పెద్ద ప్రశ్న తేలవలసి వచ్చింది. ఈ పిల్లలను ఎక్కడి వారిని అక్కడి స్థానిక పాఠశాలలలో చేర్చడమా, లేక వారికి వేరుగా బడులు పెట్టడమా? స్థానిక పాఠశాలలలో చేర్చడం సులభం, ఖర్చు తక్కువ. కాని దేశం నాలుగు మూలలా చెదిరిన కొద్దిమంది పిల్లలు ఒకటి రెండు తరాలలో తమ భాషను మరచిపోవడం తథ్యం. వేరుగా ఉంచితే భాష నిలుస్తుంది, కాని తమ చుట్టూ తామే గోడ కట్టుకొని మిగిలిపోయే ప్రమాదం ఉంది. ప్రధాని నెహ్రూ వేరు బడుల వైపే మొగ్గారు. అయితే ఆ బడులలో టిబెటన్ చరిత్ర, సంస్కృతులతోపాటు ఆధునిక ప్రపంచ జ్ఞానం కూడా బోధించాలనీ, ఇంగ్లీషును బోధనాభాషగా తీసుకోవడం మంచిదనీ ఆయన సూచించినట్లు దలైలామా తన ఆత్మకథలో వ్రాశారు. 1961లో కేంద్ర విద్యాశాఖ క్రింద టిబెటన్ పాఠశాలల సంఘం ఏర్పడింది. సొంత జనాభాకే చాలినన్ని బడులు లేని దేశం, పరాయి బిడ్డలకు ప్రత్యేకంగా బడులు కట్టించింది. ఈ సంగతి చరిత్రలో తగినంతగా నమోదు కాలేదు.

ఆ బడిలో చేరిన పిల్లవాడి నెత్తిన పడిన భారాన్ని కూడా తలచుకోవాలి. ఇంట్లో టిబెటన్. శాస్త్రాలు, లెక్కలు ఇంగ్లీషులో. దేశంలో మసలడానికి హిందీ. కర్ణాటకలో ఉంటే అంగడికి పోవడానికి కన్నడం. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క లిపి. అయినా ఆ పిల్లలు బండి లాగారు. పరీక్షలు గట్టెక్కారు, నర్సులయ్యారు, ఉపాధ్యాయులయ్యారు, ఇంజనీర్లయ్యారు.

కాని ఇరవై ఏళ్ళు గడిచేసరికి పెద్దలకు ఒక లోపం కనిపించసాగింది. పిల్లలు టిబెటన్ మాట్లాడగలరు, కాని ఆలోచన లోతుకు దిగవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషు మాటలను ఆశ్రయిస్తున్నారు. భాష రోజుకొక పీరియడ్ పాఠంగా మిగిలి, జ్ఞానానికి వాహకం కాకుండా పోతున్నది. దేనిని కాపాడడానికి వేరు బడులు కోరారో అదే చేజారిపోతున్నది. 1980 దశకం నడుమ నుండి బాలల గ్రామం తన ప్రాథమిక తరగతులను టిబెటన్ మాధ్యమానికి మార్చడం ఆరంభించింది. 2004లో ప్రవాస ప్రభుత్వం ప్రకటించిన విద్యావిధానం కూడా మాతృభాషా బోధననే ధ్యేయంగా ప్రకటించింది. మాధ్యమం మార్చడమంటే బోర్డు మార్చడం కాదు. లెక్కల పుస్తకం వ్రాయాలి, సైన్సు పుస్తకం వ్రాయాలి, లాసాలో ఎన్నడూ అవసరపడని మాటలను కొత్తగా పుట్టించాలి. ఆరవ తరగతిలో ఇంగ్లీషుకు మారినప్పుడు పిల్లవాడు తొట్రుపడకుండా చూడాలి. తెలుగు మాధ్యమమా, ఆంగ్ల మాధ్యమమా అని దశాబ్దాలుగా వాదించుకొంటున్న తెలుగువారికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఒక్క భేదం ఉంది. తెలుగు పిల్లవాడు బడిలో తెలుగు మరచినా వీధిలో తెలుగు వినిపిస్తుంది. కాందిశీకుని బిడ్డకు ఆ వీధి లేదు. బడే అతని ఊరు.

ఇదంతా పిల్లల చదువు. పెద్దల మాట ఏమిటి? పునరావాసాన్ని గూర్చి వ్రాసేవారు తరచుగా విస్మరించే విషయం ఇదే. యాభై ఏళ్ళ వయసులో ఊరు విడిచివచ్చిన మనిషికి మిగిలిన జీవితమంతా ఒక బడే.

నాటి మైసూరు రాష్ట్ర ప్రభుత్వం 1960లో బైలకుప్పె వద్ద సుమారు 3,000 ఎకరాల భూమి ఇచ్చింది. అది చాలావరకు అడవి. అక్కడికి వచ్చినవారు యాకులను కాచినవారు, చలినేలలో బార్లీ పండించినవారు. చెట్లు కొట్టడం, ఏనుగుల నుండి పైరును కాపాడుకోవడం, జొన్నవంటి పంట కాదు మొక్కజొన్న అని తెలుసుకోవడం, ఋతుపవనం కోసం ఆకాశం చూడడం, ట్రాక్టరు నడపడం, సహకార సంఘంలో లెక్క వ్రాయడం వీరు కొత్తగా నేర్చుకొన్నారు. ఏ తరగతిలోనూ కూర్చోకుండా, ఏ సర్టిఫికెట్టూ పొందకుండా ఒక తరం మొత్తం వ్యవసాయ విద్యను రెండవసారి అభ్యసించింది. తరువాత ముండగోడు, హుణసూరు, కొళ్ళేగాలం ప్రాంతాలలోనూ, ఆంధ్ర సరిహద్దుకు దూరం కాని ఒడిశాలోని చంద్రగిరిలోనూ, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని మైన్‌పాట్‌లోనూ ఇదే పాఠం సాగింది.

భూమి ఒక్కటే అందరినీ పోషించలేదు. కుటుంబాలు పెరిగాయి, భూమి పెరగలేదు. అప్పుడు వారు స్వెట్టర్ల వ్యాపారం పట్టుకొన్నారు. ఏటా శీతకాలం రాగానే హైదరాబాదులోనూ, విజయవాడ, విశాఖపట్నాలలోనూ రోడ్డు ప్రక్కన వరుసగా వెలిసే ఉన్నిబట్టల దుకాణాలను చూడని తెలుగువారు అరుదు. కొనేవారిలో చాలామంది ఆ అమ్మేవారిని నేపాలీలనుకొంటారు. వారిలో అనేకులు టిబెటన్ కాందిశీకులు, లేదా వారి బిడ్డలు. లూథియానా టోకు వర్తకుల వద్ద సరుకును ఎక్కువగా అరువు మీద తెచ్చి, రెండు మూడు నెలలు అమ్మి, బాకీ తీర్చి, తమ సంవత్సరాది లోసార్‌కు ఇల్లు చేరుకొంటారు. ఒక్క మాట మీద నడిచే వ్యాపారం అది. “ఎంతమ్మా?” అని తెలుగులో అడిగితే “ఆరు వందలు అక్కా, ఒకటే రేటు” అని తెలుగులోనే జవాబు వస్తుంది. తెలుగు అంకెలు, రంగుల పేర్లు, ‘పెద్ద సైజు’, ‘చిన్న సైజు’, ‘బేరం లేదు’ అనే మాటలు ఆమెకు ఏ వయోజన విద్యాకేంద్రమూ నేర్పలేదు. ఫుట్‌పాత్ నేర్పింది. తల్లిదండ్రులు ఇలా ఏడాదిలో మూడు నెలలు పరాయి ఊళ్ళలో ఉంటారు గనుకనే వారి పిల్లలకు వసతి పాఠశాలలు అంత అవసరమయ్యాయి. అమ్మ విజయవాడలో తెలుగు అంకెలు నేర్చుకొనే వేళ బిడ్డ బైలకుప్పెలో టిబెటన్ అక్షరాలు దిద్దుతూ ఉంటుంది. ఒకే కుటుంబంలో రెండు బడులు.

వయసు మీరిన తరువాత పలక పట్టినవారి కథలు ఇంకా ఉన్నాయి. 1980 దశకం నుండి 2008 వరకు ప్రతి సంవత్సరమూ వందలు, వేలమంది నేపాలు మీదుగా కొండలు దాటి వస్తూండేవారు. వారిలో కేవలం చదువు కోసం తల్లిదండ్రులు పంపిన పిల్లలు ఎందరో. తమ భాషలో చదువు దొరుకుతుందన్న ఒక్క ఆశతో ఆరేళ్ళ బిడ్డను తెలియని దారి చూపేవాడి చేతిలో పెట్టి మంచులోకి పంపిన తల్లులు వారు. మళ్ళీ చూస్తామో లేదో తెలియదు. కొందరు పిల్లలు మంచుకాటుకు వ్రేళ్ళు పోగొట్టుకొని చేరారు. ఎన్నడూ బడి ముఖం చూడని యువతీయువకులు కూడా వచ్చారు. వారి కోసం ధర్మశాల సమీపంలో 1990 దశకంలో ప్రత్యేకంగా ఒక పాఠశాల నెలకొల్పారు. ఇరవై ఐదేళ్ళ పశువుల కాపరి అక్కడ తన భాషలో సంతకం చేయడం మొదలుకొని, ఇంగ్లీషు, కంప్యూటరు వరకు నేర్చుకొని బయటకు వచ్చేవాడు.

సన్యాసినుల విషయం మరీ విశేషం. 1980 దశకం చివర, 1990 దశకం మొదట ధర్మశాలకు చేరిన సన్యాసినులలో పెక్కుమందికి చదవడం, వ్రాయడం రాదు. వారికోసం నిర్మించిన డోల్మాలింగ్ వంటి మఠాలలో అక్షరాలతో మొదలుపెట్టి తర్కశాస్త్రం వరకు బోధన సాగింది. పురుషులకు మాత్రమే పరిమితమై ఉన్న ‘గెషే’ పట్టానికి సమానమైన ‘గెషెమా’ పట్టం కోసం వారు పదిహేడేళ్ళకు పైబడిన అధ్యయనం, ఆపైన నాలుగేళ్ళ వరుస పరీక్షలు పూర్తి చేశారు. 2016 డిసెంబరులో ముండగోడులో ఇరవై మంది సన్యాసినులు ఆ పట్టం అందుకొన్నారు. శతాబ్దాలుగా స్వదేశంలో స్త్రీకి దక్కని గౌరవం ప్రవాసంలో దక్కింది. కాందిశీక జీవితం పాతదానిని కాపాడడమే కాక, కొన్ని పాత తలుపులను తెరవగలదు కూడా.

అయితే ఈ కథలో నేర్చుకొన్నది వచ్చినవారేనా? ఆశ్రయమిచ్చిన దేశం కూడా నేర్చుకొన్నది. నలందా, విక్రమశిల విద్యాలయాలు నశించిన తరువాత మన దేశంలో అంతరించిన ఎన్నో సంస్కృత గ్రంథాలు టిబెటన్ అనువాదాలలో నిలిచాయి. రాహుల్ సాంకృత్యాయన్ 1929 నుండి నాలుగుసార్లు టిబెట్‌కు పోయి, అక్కడి మఠాలలో ప్రాచీన వ్రాతప్రతులను వెదికి పట్టుకొన్నారు. ఆయన కొండలెక్కి వెదకిన విద్య 1959 తరువాత కాలినడకన మన దేశానికే వచ్చింది. బెంగాలులోని బక్సా కోటలో, ఒకప్పటి చెరసాల గోడల మధ్య, క్షయతో దగ్గుతూనే భిక్షువులు శాస్త్రచర్చలు సాగించారు. 1970 ప్రాంతాన వారు కర్ణాటకకు తరలి సెరా, డ్రెపుంగ్, గాండెన్ మఠాలను తిరిగి నెలకొల్పారు. 1967లో వారణాసిలో ఏర్పడి సారనాథ్‌లో స్థిరపడిన ఉన్నత టిబెటన్ విద్యాసంస్థలో భారతీయ, టిబెటన్ పండితులు ప్రక్కప్రక్కన కూర్చొని, పోయిన గ్రంథాలను టిబెటన్ నుండి తిరిగి సంస్కృతంలోనికి తెచ్చే పని చేపట్టారు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువుకు వ్రాసినదని సంప్రదాయం చెప్పే ‘సుహృల్లేఖ’ మూల సంస్కృతంలో మిగలలేదు. టిబెటన్, చైనా అనువాదాలలో బ్రతికింది. కృష్ణాతీరం నుండి వెళ్ళిన ఉత్తరాన్ని చదివి వినిపించడానికి హిమాలయాల ఆవలివారు రావలసి వచ్చింది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వేలాది టిబెటన్లు తరలివచ్చారు. వారి సంప్రదాయం ప్రకారం బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది ఆ ధాన్యకటకంలోనే. ఆ పది పన్నెండు రోజులూ కాందిశీకులు తెలుగువారికి వారి చరిత్రనే గుర్తుచేశారు.

ఇంతటితో కథ సుఖాంతమని వ్రాస్తే అది సత్యం కాదు. 2009 నాటి టిబెటన్ల జనగణనలో భారతదేశంలోని వారి సంఖ్య 94,203. ఆ తరువాత అది తగ్గుతూ వచ్చింది. 2008 తరువాత సరిహద్దు దాటి వచ్చేవారు నామమాత్రమయ్యారు. ఉన్నవారిలో యువకులు బెంగుళూరుకు, ఢిల్లీకి, అక్కడి నుండి అమెరికా, కెనడాలకు, ఐరోపాకు పోతున్నారు. ఏ చదువు వారిని నిలబెట్టిందో ఆ చదువే వారికి రెక్కలిచ్చింది. ఒకప్పుడు చోటు చాలని తరగతి గదులలో నేడు బల్లలు ఖాళీగా కనిపిస్తున్నాయి. కేంద్రప్రభుత్వ నిర్వహణలో ఉండిన అనేక బడులు టిబెటన్ల సొంత సంస్థ క్రిందికి మారాయి, కొన్నిచోట్ల బడులను కలిపివేశారు. పంట పొలాలను చుట్టుప్రక్కల రైతులకు కౌలుకిచ్చి ముసలివారు ఇంటి అరుగుల మీద జపమాల త్రిప్పుతున్నారు.

వారు వెళ్ళిపోవడానికి కారణం డబ్బు మాత్రమే కాదు. శరణార్థుల విషయమై 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం చేరలేదు. టిబెటన్లు విదేశీయులుగా నమోదు పత్రం పొంది, దానిని గడువు ప్రకారం పునరుద్ధరించుకోవాలి. 1950 జనవరి 26కూ 1987 జూలై 1కీ మధ్య ఈ గడ్డ మీద పుట్టినవారు చట్టప్రకారం పౌరులేనని 2010లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. కాని పౌరసత్వం తీసుకోవడమా మానడమా అన్నది వారిలోనే తెగని వాదం. తీసుకొంటే బ్రతుకు సులువవుతుంది. తీసుకొంటే ‘తిరిగిపోతాం’ అన్న మాటకు అర్థం ఉంటుందా? బడి ఇచ్చిన చదువు ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ప్రశ్నను ధైర్యంగా వేసుకోవడం మాత్రం నేర్పింది.

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి. మన దేశానికి వచ్చిన కాందిశీకులందరికీ ఇలాంటి బడులు దొరకలేదు. టిబెటన్లు సంఖ్యలో తక్కువ, ఒక్కొక్కచోట గుంపుగా స్థిరపడ్డారు, తమ పాలనాయంత్రాంగం తమకు ఉన్నది, విదేశీ దాతల సహాయం అందింది, ప్రభుత్వం సానుభూతి చూపింది. వీటిలో ఒక్కటీ లేక, ఏ పత్రమూ చేతిలో లేక, మన నగరాల అంచులలో చిత్తు కాగితాలు ఏరే శరణార్థుల బిడ్డలు నేడూ ఉన్నారు. ఊరు విడిచి ఇటుక బట్టీలకు వలసవచ్చిన స్వదేశీ కూలీల బిడ్డలు కూడా ఉన్నారు. తెలంగాణ బట్టీలలో పనిచేసే ఒడియా కుటుంబాల పిల్లలు తెలుగు బడి ముందు నిలబడి లోపలి మాట అర్థంకాక తిరిగిపోకుండా, కొన్నిచోట్ల ఒడియా ఉపాధ్యాయులతో తరగతులు నడిపారు. టిబెటన్ల అనుభవం చెప్పే పాఠం ఈ చిన్న ప్రయత్నంలోనూ ఉంది. వచ్చిన బిడ్డకు ఇక్కడి భాష ఇవ్వాలి, ఎందుకంటే ఇక్కడ బ్రతకాలి. తన భాషను ఆమె నుండి తీసుకోకూడదు, ఎందుకంటే తల్లితో మాట్లాడాలి. ఈ రెంటిలో ఒకటి చాలునన్న ప్రతిచోటా బిడ్డ నష్టపోయింది.

నేడు బైలకుప్పె, ముండగోడు మఠాలలో భిక్షువులు తర్కంతోపాటు భౌతికశాస్త్రం, జీవశాస్త్రం కూడా చదువుతున్నారు. వారికి పాఠాలు సిద్ధం చేయడానికి అనువాదకులు కూర్చొని, ఒక్కొక్క శాస్త్రపదానికి టిబెటన్‌లో మాట కోసం వాదించుకొంటారు. పాత మాటకు కొత్త అర్థం చెప్పాలా, కొత్త మాటనే కట్టాలా అని. నలభై, యాభై ఏళ్ళ భిక్షువు చేతిలో పెన్సిలు పట్టుకొని ఆ మాటలను మొదటిసారి వ్రాసుకొంటాడు. టిబెట్‌లో పుట్టని ఆ మాటలు కర్ణాటక గాలిలో పుట్టాయి. ఎటు పోవాలో తెలియక బయలుదేరినవారు అరవై ఏళ్ళ తరువాత తమ భాషకు కొత్త మాటలు చేర్చుకొంటున్నారు. బల్లలు ఖాళీ అవుతున్నా ఆ పని ఆగలేదు.